ఉగ్గాని జట్టు కోచ్

అంకుల్ పోయారన్న కబురు నాకు వరంగల్ నుంచి వచ్చింది. ఆయన పోయింది నాటింగ్‌హామ్‌లో. నేనుండేది బ్రాక్‌నెల్‌లో, రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే దూరంలో. అయినా కబురు ముందు నాతో అక్కడ చదివిన శీనుగాడికే చేరింది, ఎందుకంటే ఊరికి తిరిగెళ్లిపోయాక కూడా ఆదివారం ఆదివారం ఆయనకు ఫోన్ చేసింది వాడొక్కడే.

"ఇన్నవార? అంకుల్ పోయిండంట. పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంటనే గుండె ఆగిందంట," అన్నాడు శీను. తర్వాత ఏడ్చాడు. వాణ్ని నవ్వించడం పదేళ్లుగా నా బాధ్యత. ఆ పూట చేతకాలేదు. ఆ వృత్తిలో నాకది తొలి ఓటమి.

అంకుల్ ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. అనంతపురం మనిషి. నాటింగ్‌హామ్‌లో సిటీ బస్సు నడిపేవారు. ఆంటీ ఆస్పత్రిలో నర్సు. కాలేజీ రోజుల్లో ఆయన యూనివర్సిటీ తరఫున బేస్‌బాల్ ఆడారు. అనంతపురంలో బేస్‌బాలేమిటని నవ్వకండి. మేం నవ్వాం, దాని ఫలితం ఒక వేసవంతా అనుభవించాం.

ఆయన మమ్మల్ని పట్టుకున్నది బస్సులోనే. 2012 మొదట్లో, మాస్టర్స్ చేస్తున్న మేం కొందరం వెనక సీట్లలో కూర్చుని, ఫ్లాట్‌లో వంట వంతు ఎవరిదని తెలుగులో తిట్టుకుంటున్నాం. ఎవరికీ అర్థం కాదన్న ధీమా. బస్సు స్టాప్‌లో ఆగింది. డ్రైవర్ సీట్లోంచి ఒక గొంతు వినబడింది.

"ఒరే అబ్బీ, ఇప్పుడన్న మాట మా ఊర్లో అనింటే నీకు పండ్లుండేవి కావు. క్రికెట్ ఆడతారా?"

"ఆడతాం అంకుల్."

"అయితే బేస్‌బాల్ అస్సలు రాదు. ఆదివారం పార్కుకు రాండి. ఆంటీ ఉగ్గాని చేస్తాది."

మేం వెళ్లింది ఉగ్గాని కోసం. చరిత్రకు ఈ విషయం తెలియాలి. నానబెట్టిన బొరుగులు, తాలింపు, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీలు. సగం తిన్నాక అంకుల్ అసలు సంగతి బయటపెట్టారు. అక్కడి బేస్‌బాల్ క్లబ్బుకు రెండు జట్లున్నాయి. మూడో జట్టు పెట్టనివ్వమని ఆయన ఏళ్లుగా అడుగుతున్నారు. చివరికి సెక్రటరీ ఒక్క వేసవి అవకాశం ఇచ్చాడు. లీగ్ పట్టికలో అట్టడుగున మిగిలితే జట్టు రద్దు. మిగలకపోతే జట్టు ఆయనదే.

"ఈ దేశంలో ఇల్లు కొన్న్యా, పాస్‌పోర్టు తీసుకున్న్యా. ఇది నాది అనిపించింది ఒగటీ లేదప్పా," అన్నారు అంకుల్, బజ్జీ కేసి చూస్తూ. "ఈ టీమొక్కటి నిలబడితే చాలు."

శీనుగాడు ఇంకో బజ్జీ తీసుకున్నాడు. అంతకంటే మర్యాదగా ఒప్పుకోవడం మాకు చేతకాదు.

మా ఆట గురించి క్లుప్తంగా చెప్పడమే అందరికీ మంచిది. బేస్‌బాల్‌లో బాల్‌ను ముందుకు కొట్టినవాడు వెంటనే బ్యాట్ పారేసి ఫస్ట్ బేస్‌కు పరిగెత్తాలి. అక్కడ నిలబడి, తన తర్వాతివాడు కొడితే ముందుకు కదలాలి. అలా బేసులన్నీ చుట్టి మొదలుపెట్టిన చోటికి వస్తేనే పరుగు. మేమో, కొట్టి, అక్కడే నిలబడి, చెయ్యెత్తి, "నో! వెయిట్!" అని అరిచేవాళ్లం. అవతలి ఎండ్‌లో పార్టనర్ ఉన్నాడనుకుని. పరిగెత్తినప్పుడు బ్యాట్ కూడా వెంట తీసుకెళ్లి బేస్ దగ్గర నేలకు ఆనించేవాళ్లం.

"ఎవుర్ని అడుగుతాండావురా? ఆడ ఎవుడూ ల్యా! పరిగెత్తు!" ఇదీ ఆ వేసవి మొత్తం పార్కులో మోగిన మంత్రం.

మ్యాచ్ మొదలయ్యే ముందు ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మా అందరి ముందూ నడిచి, "అందరూ ఎక్కినారా?" అనేవారు. క్యాచ్ వదిలేస్తే తిట్టేవారు కాదు. "ఆ బస్సు పోయింది. ఇంగోటి వస్తాది, నిలబడు," అనేవారంతే. టేకవే హోటళ్లలో, గిడ్డంగుల్లో షిఫ్టులు దిగి నేరుగా వచ్చేవాళ్లం. ఎవరి షిఫ్టు ఎప్పుడో, మా రోటాలన్నీ ఆయనకు కంఠస్థం. తన శనివారం సెలవులు తోటి డ్రైవర్లకు ధారపోసి, బదులుగా ఆదివారాలు తెచ్చుకునేవారు.

మొదటి నెలంతా ఓడిపోయాం. తర్వాత ఆయన ఒకటి గమనించారు. పిచ్చర్ వేసిన బాల్ నేలకు తగిలి లేస్తే ఇంగ్లిష్ కుర్రాళ్లు వదిలేస్తారు. మేం మాత్రం క్రికెట్ బాల్ వచ్చిందని సంబరంగా కవర్ డ్రైవ్ కొడుతున్నాం. నిబంధనల ప్రకారం అది చెల్లుతుంది. "మిగతావన్నీ మర్చిపోండి, ఇది మటుకు మర్చిపోవద్దండి," అన్నారు. జులై నుంచి గెలవడం మొదలుపెట్టాం. పిచ్చర్లు మమ్మల్ని చూసి అయోమయపడేవారు. మమ్మల్ని చూసి మేం కూడా.

చివరి మ్యాచ్ గెలిస్తే అట్టడుగు తప్పుతుంది. చివరి ఇన్నింగ్స్, స్కోర్లు సమం, ఇంకొక్కడు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది. ఆఖరిదైన మూడో బేస్ మీద నేను. బ్యాటింగ్ శీనుగాడిది. బాల్ నేలకు తగిలి లేచింది. వాడు కుడివైపు అద్భుతంగా కొట్టాడు. కొట్టి, నా వైపు చెయ్యెత్తి, "నో!" అన్నాడు.

నేను అప్పటికే పరిగెత్తుతున్నాను. కానీ వాడు ఫస్ట్ బేస్ చేరకముందే అవుటైతే నా పరుగు లెక్కలోకి రాదు.

"శీనూ! నీకు పార్టనర్ ల్యాడురా నాయనా!" అంకుల్ గొంతు చీలిపోయింది.

వాడు పరిగెత్తాడు. బ్యాట్‌తో సహా సగం దూరం, అది పారేసి మిగతా సగం. బాల్ కంటే ఒక్క అంగ ముందు బేస్ మీద పడ్డాడు.

మేం కేకలు పెడుతుంటే అంకుల్ మాత్రం మాకు వీపు చూపించి, నేలకు వంగి బేసులు పీకుతూ కూర్చున్నారు. అవి ఊడిరావడానికి అంతసేపు పట్టదు.

జట్టు నిలబడింది. మేం నిలబడలేదు. చదువయ్యాక కొన్నాళ్లు ఉండి పనిచేసుకోనిచ్చే వీసాను అంతకుముందే ఎత్తేశారు. చలికాలం వచ్చేసరికి ఒక్కొక్కరి గడువూ అయిపోయింది. అందరినీ ఎయిర్‌పోర్ట్ బస్సు దాకా వచ్చి ఎక్కించింది అంకులే. "పోయిరాండి. ఏప్రిల్‌లో సీజన్‌కి ఎట్లో ఒకట్ల చూసుకుంటా," అన్నారు. చూసుకున్నారనే అనుకున్నాం. ఎప్పుడడిగినా, "టీముందప్పా," అనేవారు. కంపెనీ నన్ను మళ్లీ ఈ దేశానికి పంపాక కూడా అదే మాట.

దహనం ఒక తడి మధ్యాహ్నం జరిగింది. శ్మశానవాటికలో మాకిచ్చిన సమయం ముగియకముందే తర్వాతి కుటుంబం కార్లు గేటు దగ్గర వరసకట్టాయి. వాళ్లింటికొచ్చాక ఆంటీని అడిగాను, మేం వెళ్లిపోయిన తర్వాతి ఏడాది ఎవరు ఆడారని.

"ఎవురాడినారు నాయనా? కొత్త పిల్లోళ్లే రాకపాయ," అన్నారు ఆంటీ. "అయినా మీ అంకుల్ క్లబ్బోళ్లకి చెప్పల్యా. ఎవరో ఒకరు వస్తారులే అన్నారు. మొదటి మ్యాచ్ రోజు పొద్దున్నే పోయి సున్నంతో గీతలు గీసినారు. అవతలి టీమొచ్చె, అంపైరొచ్చె. మనోళ్లు ఒక్కరూ ల్యారు."

అంపైర్ కాసేపు చూసి, మ్యాచ్ అవతలివాళ్లదని ప్రకటించాడట. అంకుల్ సరేనన్నారట. ఇంత దూరం వచ్చారు కదా, ఒక్క బాల్ వేయమని అవతలి పిచ్చర్‌ను అడిగారట. అతను వేశాడు. అంకుల్ కొట్టారు. కొట్టి, యాభై దాటిన మనిషి, డిపో జాకెట్ మీదే పరిగెత్తి ఫస్ట్ బేస్ మీద నిలబడ్డారు. వాళ్లు చప్పట్లు కొట్టి, బ్యాగులు సర్దుకుని వెళ్లిపోయారు. వాన మొదలైంది. ఆంటీ గొడుగు పట్టుకుని మైదానంలోకి నడిచి, ఇంటికి పోదాం రమ్మన్నారు.

"ఉండు," అన్నారట అంకుల్, బ్యాట్ పడున్న వైపు చూస్తూ. "నా ఎనక ఎవరన్నా బ్యాటింగ్‌కి రావల్ల కదా."

బేస్ మీంచి కాలు తీయలేదట.