ఉయ్యాల కొక్కేలు

భవానీపురంలో మా హాలు శ్లాబుకి ఉయ్యాల కొక్కేలున్నాయి. మా ఆవిడ ఉయ్యాల బల్ల కొందామన్నప్పుడల్లా, శ్లాబు అంత బరువు ఆపదని ఇంజనీరులా తేల్చేసేవాణ్ణి.

మొన్న వేసవిలో మెకానిక్ మీద అలిగి, నా పాత మోటార్‌సైకిల్ ఇంజను నేనే దింపుతానని బండిని హాల్లోకి తెచ్చాను. బోల్టులు విప్పి, ఆ కొక్కేలకే చైన్ పుల్లీ తగిలించి, ఇంజన్ని ఫ్రేములోంచి పైకి లాగాను. పక్కింటాయన కుర్చీలోంచి లేవకుండా "జాగ్రత్తండీ" అంటూ సాయం పట్టాడు. ఇంజను గాల్లో వేలాడింది, శ్లాబు కిమ్మనలేదు.

మా ఆవిడ టీ తెచ్చి ఇంజన్నీ, కొక్కేలనీ, నన్నూ వరసగా చూసింది.

"బానే ఆపుతోందండీ," అంది.

మర్నాటికి ఇంజను మూలకి చేరింది, ఉయ్యాల బల్ల వచ్చింది. ఇప్పుడు దానిమీద ఊగుతూ, "ఏవండీ, ఆ ఇంజను బండికెక్కించేదెప్పుడు?" అని రోజూ అడుగుతుంది.

ముందు తను దిగితే కదా, కొక్కేలు ఖాళీ అయ్యేది!