ఒంటి తుమ్ము, గ్లాసుడు మంచినీళ్లు

మా కుక్క ఏ రోజు ఏడుస్తుందో, ఏ రోజు ఏడవదో రెండు నెలల పాటు నాకు అంతుపట్టలేదు. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడమే నా పని. ఇన్నేళ్లుగా ఇంతమంది చేసిన తప్పులు పట్టుకున్నదాన్ని, మా వంటగదిలో కూర్చున్న కుక్క దగ్గర బోల్తా పడ్డాను. ఆ ఉక్రోషం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నేనూ మా ఆయనా సింగపూర్‌లోని సెంబవాంగ్‌లో ఎనిమిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. కుక్కని అనాథ కుక్కల షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. నల్లటి ఒళ్లు, గోధుమరంగు కనుబొమలు, ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటే ఇంకోటి వాలిపోయి ఉంటుంది. అంతకు ముందే రెండు ఇళ్లవాళ్లు దాన్ని తీసుకెళ్లి, ఒంటరిగా వదిలితే ఊళ పెడుతోందని తిరిగి తెచ్చి ఇచ్చేశారట. ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే తాము వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని షెల్టర్‌వాళ్లు మాకు ముందే చెప్పారు. మూడోసారి వెనక్కి వెళ్లిన కుక్కని ఇంకెవరు అడుగుతారు? పంపేదే లేదని సంతకం పెట్టేటప్పుడే గట్టిగా అనుకున్నాను.

పొద్దున మేమిద్దరం కలిసి బయల్దేరతాం. మధ్యాహ్నానికి మా ఆయన ఇంటికొచ్చి మిగతా పని ఇక్కడి నుంచే చేసుకుంటారు. ఈలోగా ఆ నాలుగైదు గంటలూ కుక్క వంటగదిలో ఉండాలి. గుమ్మానికి చిన్నపిల్లల కోసం అమ్మే గేటు బిగించాం, మూలన నా పాత బొంత పరిచాం. వారానికోసారి శిక్షణ ఇవ్వడానికి ఒక తమిళమ్మాయి వచ్చేది. కూర్చో, ఆగు, బొంత మీదకి వెళ్లు, ఇవన్నీ కుక్క మూడు రోజుల్లో నేర్చేసుకుంది. వాటి వల్ల నాకొచ్చిన గర్వం నాలుగో రోజు ఆఫీసుకు బయల్దేరేటప్పటికి దిగిపోయింది. లిఫ్ట్ దాకా వినబడింది దాని ఏడుపు.

"దానికి పని కల్పించండి అక్కా" అంది ఆ అమ్మాయి. కల్పించాను. బోలు రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో గడ్డకట్టించాను. పాత తువ్వాలు మడతల్లో బిస్కెట్లు చుట్టి ముడులు వేశాను. గుడ్ల అట్టలు ఒకదాంట్లో ఒకటి దూర్చి మధ్యలో చికెన్ ముక్కలు దాచాను. నేను అరగంట కష్టపడి కట్టిన ముడిని అది అయిదు నిమిషాల్లో విప్పేసి, మూతి నాక్కుని, మళ్లీ ఏడుపు మొదలెట్టేది. ఆ కష్టమంతా కూరలో ఉప్పు సరిచూసుకోవడం మీద పెట్టి ఉంటే మా ఆయన సంతోషించేవారు.

అంతలో చైనావాళ్ల ఏడో నెల వచ్చింది. పోయిన పెద్దల కోసం బ్లాక్ కింద ఇనుప డబ్బాల్లో కాగితాలు కాలుస్తారు. ఆ బూడిద పొద్దునపూట కూడా కారిడార్‌లో తేలుతుండేది. మా ఆయనది అసలే సున్నితమైన ముక్కు. సరిగ్గా బూట్లు వేసుకుని గడప దాటబోయే సమయానికి ఒకే ఒక్క తుమ్ము తుమ్మేవారు. ఒంటి తుమ్ము! ఇంకేముంది, బూట్లు విప్పి, వెనక్కొచ్చి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు నింపాదిగా తాగి, అప్పుడు కదిలేవారు.

"ఒక్క నిమిషం కూర్చోవోయ్. తుమ్ము వచ్చింది కదా."

"ఎనిమిదిన్నరకి నాకు మీటింగుంది. ఆ సంగతి మీ తుమ్ముకి తెలుసా?"

నేను లిఫ్ట్ బటన్ నొక్కి నిలబడి, చదువుకున్న మనిషికి ఇదేం చాదస్తమని పళ్లు నూరుకునేదాన్ని.

ఆ నెలంతా కుక్క దాదాపుగా నోరు మెదపలేదు. నేను రోజూ రాసుకునే పట్టికలో "పెరుగన్నం పనిచేస్తోంది" అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఆఫీసులో నలుగురికి చెప్పాను కూడా. ఏడో నెల అయిపోయింది, డబ్బాలు తీసేశారు, కుక్క మళ్లీ మొదలెట్టింది. అదే బొమ్మ, అదే పెరుగన్నం, అదే బొంత. "ఇంత బాగా నేర్చుకున్నది ఒక్కసారిగా ఇలా వెనక్కి పోదక్కా, ఇంట్లో ఏం మారింది?" అంది శిక్షణ అమ్మాయి. ఏమీ మారలేదని ఘంటాపథంగా చెప్పాను. పెరుగు పుల్లబడిందేమో అని బ్రాండు మార్చాను. రేడియో పెట్టి చూశాను. పొగ వాసన దానికి ఇష్టమేమోనని అగరుబత్తి కూడా వెలిగించాను, మతి ఉన్నవాళ్లు చేసే పనేనా?

ఓ ఆదివారం పక్కింటి చైనా ఆంటీ మా ఇంటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. చేతిలో రెండు కమలాపళ్లు. మాట చివర ‘లా’ తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు. వాళ్లాయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి పది రోజులవుతోంది.

"గర్ల్ ఆ, నాకు కోపం లేదు లా. కానీ అంకుల్‌కి పొద్దున పూటే కాస్త కన్ను మూతపడేది. ఈ నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత ఫిర్యాదు చేయక తప్పదు లా."

ఆమె పోట్లాడి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. న్యాయం ఆవిడ వైపుంది, పైగా పళ్లిచ్చింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మేం వెళ్లాక కుక్క ఏం చేస్తుందో చూద్దామని ఫ్రిజ్ మీద పాత ఫోను పెట్టి వీడియో తీసేదాన్ని. వీడియోలో తలుపు మూసుకున్న దగ్గర నుంచే చూసేదాన్ని, ముందు భాగంలో ఏముంటుంది, మేమేగా! ఆ ఆదివారం ఏమీ తోచక పాతవన్నీ మొదటినుంచీ చూశాను. ఏడో నెలలో తీసిన వీడియోల్లో గేటు దగ్గర ఆత్రంగా నిలబడ్డ కుక్క, బయటి నుంచి మా ఆయన తుమ్ము వినబడగానే వెళ్లి బొంత మీద పడుకుంటోంది. ఆయన కూర్చుంటున్నారు, నీళ్లు తాగుతున్నారు, వెళ్తున్నారు. అది తల ఎత్తకుండా బొమ్మ నాకుతోంది. తుమ్ము లేని రోజున ఏడుపు. నేను రెండుసార్లు, మూడుసార్లు చూశాను.

శిక్షణ అమ్మాయికి ఫోన్ చేస్తే పగలబడి నవ్వింది. "తాళాలు తీసుకుని, బూట్లు వేసుకుని, వెళ్లకుండా కూర్చోమని నేను అందరికీ నేర్పుతానక్కా. అలా చేస్తుంటే బయల్దేరే హడావుడికి కుక్క బెదరడం మానేస్తుంది. మీకు వచ్చే వారం చెబుదామనుకున్నా. మీ ఇంట్లో ముందే ఉందా?"

మా ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "మా నాయనమ్మ ఊరికే చెప్పలేదు."

"మీ నాయనమ్మ కుక్కల కోసం చెప్పలేదు లెండి."

సోమవారం నేనే దొంగతుమ్ము తుమ్మి, ఆగకుండా తలుపు మూసేశాను. కుక్క ఇదివరకెన్నడూ లేనంత గట్టిగా ఏడ్చింది. మంగళవారం తుమ్మి కూర్చున్నాను, కాకపోతే చేతిలో ఫోను, భుజాన బ్యాగు, కాలు నేలమీద టకటక. అది బొంత మీదకి వెళ్లలేదు, గేటు దగ్గర నిలబడి నన్నే చూసింది. బుధవారం మా ఆయనకి నిజంగానే తుమ్ము వచ్చింది, అయితే రెండు. కుక్క వెళ్లి బుద్ధిగా పడుకుంది. "జంట తుమ్ములు, పరవాలేదు, పద" అని ఆయన కూర్చోకుండా బయటికి నడిచారు. వెనకాల పుట్టిన ఏడుపు వింటే ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. గురువారం ఏమీ చేయలేదు. ఏం చేయాలో తెలిస్తేగా.

శుక్రవారం నెలాఖరు. నాకు తొమ్మిదింటికి ఆఫీసు పెద్దల ముందు మాట్లాడాల్సిన పని ఉంది, అప్పటికే ఆలస్యమైంది. మా ఆయన ఎంత పీల్చినా తుమ్ము రాలేదు. నేను బూట్లు వేసుకుని గడప మీద కాలు పెట్టాను. వెనక, గేటు దగ్గర, కుక్క తుమ్మింది.

ఒక్కటే.

మా ఆయన నావైపు చూశారు. కుక్కలు ఆత్రం ఎక్కువైతే తుమ్ముతాయని శిక్షణ అమ్మాయి చెప్పిన మాట గుర్తుంది. అయినా నాకు ఏడుపొచ్చింది. ఇన్ని రోజులూ ఈ ఇంట్లో ఎవరు తుమ్మినా నేను నిజంగా ఆగలేదు. బ్యాగు కింద పెట్టి, బూట్లు విప్పి, ఆయన పక్కన కూర్చున్నాను. గ్లాసు నిండా నీళ్లు తెచ్చుకుని చివరి గుక్క దాకా తాగాను. గడియారం వైపు చూడలేదు. కుక్క కాసేపు నన్ను చూసి, బొంత మీద రెండు చుట్లు తిరిగి, మూతి కాళ్ల మధ్య పెట్టుకుంది. మేం వెళ్లాం. లిఫ్ట్ దగ్గర ఏమీ వినబడలేదు. కింద ఏమైనా వినబడుతుందా అని బ్లాక్ ముందు నిలబడి చెవి ఒగ్గాను. మీటింగుకి ఆలస్యంగానే వెళ్లాను.

ఆ మధ్యాహ్నం మా ఆయన కూడా ఆఫీసులోనే ఇరుక్కుపోయారు. సాయంత్రం నేను ముందు వచ్చేసరికి ఆంటీ కారిడార్‌లో మొక్కలకి నీళ్లు పోస్తోంది. నన్ను చూసి చెంబు పట్టుకున్న చెయ్యి ఆపేసింది.

"గర్ల్, కుక్కని ఇచ్చేశారా?"

"లేదాంటీ. లోపలే ఉంది."

"పొద్దున్నించి చప్పుడే లేదే! ఎలా?"

"నిజంగా నాకూ తెలీదాంటీ."

ఆంటీ గోడకి ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "అంకుల్ ఇవాళ అసలు నిద్రే పోలేదు లా. కుక్క గొంతు వినబడట్లేదు, మన వల్లే పంపేసినట్టున్నారు, వెళ్లి అడుగు, వెళ్లి అడుగు అని ఒకటే గొడవ."

నేను తాళం తీసి, వంటగది గేటు తీసి, బొంత మీద ఉన్నదాన్ని లేపి, అంకుల్‌కి చూపించడానికి పక్కింటికి తీసుకెళ్లాను.