కంచె లోపలి పచ్చిక

లింగప్పను ఎవరైనా భూమి లేని మనిషి అంటే రంగక్కకు ఒళ్లు మండేది. పెళ్లయి నాగలమడిక దగ్గరి ఆ ఊరికి వచ్చిన కొత్తలో చుట్టుపక్కల నేలంతా తన మొగుడిదేనని ఆమె అనుకుంది మరి. చెనక్కాయ పీకి ఇళ్లకు తోలుకున్నాక చేలన్నీ బోసిగా పడి ఉండేవి. అప్పుడు ఏ చేనికీ అడ్డు లేదు. పగలంతా మేసిన గొర్రెలు రాత్రికి అక్కడే పడుకునేవి, వాటి ఎరువు ఆ నేలకే దక్కేది. "లింగప్పా, మా చేన్లో గూడా మంద నిలపప్పా" అని రైతులే ఇంటికొచ్చి పిలిచేవాళ్లు, నిలిపినందుకు రాగులు కొలిచి ఇచ్చేవాళ్లు. ఇందులో కాగితం లేదు, సంతకం లేదు. తాతల నాటి నుంచి నడుస్తున్నదాన్ని రాసిపెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది?

తోచకపోవడమే కొంప ముంచింది.

సోలార్ పార్కు వచ్చినప్పుడు భూమి ఉన్నవాళ్లతో ఒప్పందాలు జరిగాయి, ఏడాదికి ఇంత అని గుత్త. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. బైలప్పనే తీసుకోండి, అందరికంటే ముందు లింగప్ప మందను పిలిచే రైతు ఆయన. వానలు మొహం చాటేసి, బోర్లు ఎండిపోయి, బెంగుళూరులో ఏదో కట్టడం దగ్గర వాచ్‌మన్‌గా కాలం గడుపుతున్న మనిషి. గుత్త డబ్బుతో మళ్లీ ఊళ్లో మనిషయ్యాడు. తన భూమికి తాను సంతకం పెట్టాడు. ఆ సంతకంతో లింగప్ప మేత కూడా పోతుందని ఆయనకు తెలియదా అంటే, తెలుసు. ఆ మాట రాయడానికి కాగితంలో చోటేదీ? ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు గానీ బైలప్ప నొచ్చుకున్నాడు కూడా. ఆయన నొచ్చుకుంటే కంచె ఆగుతుందా.

కంచె పడింది. చూపు ఆనినంత మేర సోలార్ ప్లేట్లు లేచాయి. కరెంటు ఎక్కడెక్కడికో పోయింది, గుత్త పట్టాదారులకు పోయింది. లింగప్ప గొర్రెలకు మిగిలింది రోడ్డు పక్కన ముళ్లకంప, గుట్ట మీద బండలు. ఏడాదికేడాదికీ మంద కరిగిపోయింది. సగానికి పైగా అమ్ముకోగా మిగిలినవాటిని ఆ ఎండాకాలం దాటించాలని మొగుడూ పెళ్లాల పట్టు. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడితే గుట్ట పచ్చబడుతుంది, తల్లులకు పాలొస్తాయి, మంద మళ్లీ నిలబడుతుంది. అంతవరకూ మేత కావాలి. వాళ్లకు కావలసింది అంతే.

చిత్రమేమంటే, మేత ఉంది. కంచె లోపల ఉంది. దుమ్ము పోవడానికి ప్లేట్లను నీళ్లతో కడుగుతారు. ఆ తడీ ఆ నీడా తగిలి కింద గడ్డి మోకాలెత్తు లేచింది. పార్కువాళ్లకు అది తలనొప్పి. పెరిగితే ప్లేట్లకు అడ్డం, ఎండితే నిప్పు భయం. అందుకని దాన్ని పీకించే పని ఒక కాంట్రాక్టరుకు ఇచ్చారు. కాంట్రాక్టరు కింద మేస్త్రీ నందీష్ రంగక్కకు దూరపు చుట్టం. అతను పిలిస్తే ఆమె గడ్డి పీకే కూలికి కుదిరింది. పొద్దంతా పచ్చి గడ్డి పీకి కుప్ప వేసేది. ఆ కుప్పను ట్రాక్టరు మీద ఒక మూలకు తోలి, ఎండబెట్టి తగలబెట్టేవాళ్లు. ఒక్క పరక బయటికి పోకూడదని రూలు. సాయంత్రం ఆమె వట్టి చేతులతో గేటు దాటి, డొక్కలు ఎండిన గొర్రెల మధ్యకొచ్చి కూర్చునేది. అవి వచ్చి ఆమె చేతులు వాసన చూసేవి. ఆ చేతులను ఎక్కడ దాచుకోవాలో ఆమెకు తెలిసేది కాదు.

లింగప్ప ఊరికే కూర్చోలేదు. "మా గొర్లను లోపలికి ఇడిస్తే సాలు సార్. గడ్డంతా అవే తినేస్తాయి. మీకు కూలి ఖర్సు గూడా ఉండదు" అని గేటు దగ్గర మొదలుపెట్టాడు. గేటువాడు ఇంజనీరును చూపించాడు. ఇంజనీరు మంచివాడే, మాట బాగుందని నవ్వి, అది పెద్దాఫీసు చేతిలో ఉందన్నాడు. పెద్దాఫీసులో, ఒప్పందంలో పశువుల మాటే లేదు, తాలూకాఫీసు నుంచి రాయించుకు రా అన్నారు. పావగడ తాలూకాఫీసులో గుమాస్తా తలెత్తి, "నీ భూమి కాగితం, పహణి ఏదప్పా?" అన్నాడు.

"పహణి లేదు సార్. నాకు భూమి లేదు."

"భూమే లేకపోతే నీకు నష్టం ఏమైనాదప్పా?"

గుమాస్తా ఎగతాళికి అడగలేదు, నిజంగానే అడిగాడు. లింగప్ప ఇంటికొచ్చి అదే మాట రంగక్కను అడిగాడు. నష్టమైతే కళ్లెదుటే దొడ్లో నిలబడి ఉంది గానీ, దాన్ని ఆఫీసువాళ్ల మాటల్లో ఎలా చెప్పాలో ఆమెకూ తెలియలేదు.

సంగతి సరిగ్గా అర్థమైంది ఒక్క కాంట్రాక్టరుకే. గడ్డిని గొర్రెలు మేస్తే తాను ఏం మేయాలి? అందుకని, గొర్రెలు వైర్లు కొరుకుతాయని చెప్పాడు. ఆ ముక్కతో అందరికీ హాయిగా నిద్ర పట్టింది.

ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం కూలీలు వెళ్లిపోతుంటే నందీష్ రంగక్కను ఆపాడు.

"అత్తా, గొర్లు ఎట్లుండాయి?"

"ఉండాయి నాయనా. నిలబడేదానికి సత్తువ లేదు."

అతను అటూ ఇటూ చూశాడు. "గేటు కాడ ఆ కుప్ప ఉండాది సూడు. ట్రాక్టరు రేపు గానీ రాదు. మామను పిలుసుకోని మోసుకుపోండి. నేనేమీ సూల్లేదు."

ఇన్ని ఆఫీసులు చేయలేనిది ఒక మేస్త్రీ కుర్రాడి జాలి చేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ పూజారే కళ్లు మూసుకుని ఇచ్చాడని రంగక్క మురిసిపోయింది. ఇద్దరూ పొద్దు గూకేదాకా మోపులు మోశారు. గొర్రెలు ఆ పచ్చి గడ్డి మీద పడ్డ తీరు చూసి లింగప్ప చాలాకాలానికి నవ్వాడు. "ఆ నమిలే సప్పుడు యినుమే" అన్నాడు పెళ్లాంతో.

తెల్లారి మంద లేవలేదు.

కొన్ని నురగ కక్కుతున్నాయి. కొన్ని మెడలు వాల్చేశాయి. లేచిన ఒకటీ అరా కాళ్లు తడబడి కూలబడ్డాయి. లింగప్ప ఒక్కోదాని నోరు తెరిచి మజ్జిగ పోశాడు, చింతపండు పులుసు పోశాడు, తాతలు చెప్పిన ఆకు పసరులన్నీ పోశాడు. మరునాటికి పాలు తాగే పిల్లలు తప్ప ఏవీ మిగల్లేదు. అవి ఇంకా గడ్డి ముట్టలేదు గనక బతికాయి. తల్లుల పొదుగుల్లో మూతులు పెట్టి కుమ్ముతూనే ఉన్నాయి.

ఏం జరిగిందో నందీషే కనుక్కుని వచ్చాడు. పీకే కూలి ఎక్కువవుతోందని కంపెనీ ఆ వారమే ఇంకో కాంట్రాక్టరుకు గడ్డి చంపే మందు కొట్టే పని ఇచ్చింది. వాళ్లు పొద్దున మందు కొట్టిన వరసలోని గడ్డినే, వాడిపోకముందే, అటువైపు కూలీలు పీకి కుప్ప వేశారు. కొట్టినవాళ్లు పీకేవాళ్లకు చెప్పలేదు. చెప్పే పని వాళ్లది కాదు. గడ్డి లోపలే తగలబడుతుంది గనక దానికి ఏ మందు తగిలిందో అడగాల్సిన అవసరం ఇంజనీరుకు లేదు. తిలా పాపం తలా పిడికెడు. కానీ మోపు నెత్తికెత్తుకుని తెచ్చింది రంగక్క గనక ఆమె వాటాకు గంపెడు పడింది.

"నేనే సంపేసినాను మామా" అని నందీష్ గడపలో తల పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు యాడ సంపినావురా. ఆకలితో ఉండాయని ఇచ్చినావు" అన్నాడు లింగప్ప. పెళ్లాన్ని మాత్రం ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని, చేయి చేసుకున్నా బాగుండేదని ఆమెకు అనిపించింది.

కబురు పాకేలోపే పావగడ నుంచి మాంసం కొట్టు సుంకన్న టెంపో వేసుకుని దిగాడు. "కోసి దూరం పంపించేస్తా లింగప్పా. నీకూ ఇంత వస్తాది."

"మందు తిన్న గొర్లు సుంకన్నా. తిన్నోళ్లు ఏమైపోతారు?"

"తినేవాళ్లు నీకేమన్నా సుట్టాలా?"

"కాదు. అయినా ఇయ్యను."

పశువుల డాక్టరుకు రెండు ఆసుపత్రులు అంటగట్టారట. రేపో మాపో వస్తాడన్నారు. ఆయన వచ్చేదాకా ఉంచుదామంది రంగక్క. లింగప్ప ఒప్పుకోలేదు. "కుక్కలు తింటే కుక్కలు సస్తాయి. కాకులు తింటే కాకులు" అన్నాడు. పినాకిని ఏటి ఇసుకలో పాతిపెడితే సులువైన పని. కానీ ఆ ఇసుకలోనే చెలమలు తీసి ఊరు నీళ్లు తెచ్చుకుంటుంది. అందుకని గుట్ట కింద గట్టి నేలలో గునపంతో గొయ్యి తవ్వాడు. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. అంత పార్కులో, అన్ని ఆఫీసుల్లో, తాను చేసేదానివల్ల పక్కవాడికి ఏమవుతుందోనని ఆలోచించినవాడు అతనొక్కడే. ఆ ఆలోచనకు జరిమానా కూడా అతనికే పడింది.

డాక్టరు వచ్చి, "శవాలు ఏవప్పా?" అన్నాడు. పాతిపెట్టానని విని తల అడ్డంగా ఊపాడు. "కోసి సూడకుండా నేను ఏమని రాసేది? ఇంక తవ్వినా ఏమీ తేలదు. పరిహారం రాదప్పా." పార్కులో అడిగితే, రుజువేదీ అన్నారు. పైగా గడ్డి బయటికి తీసుకుపోవడమే దొంగతనమని, కేసు పెట్టకపోవడం తమ మంచితనమని చెప్పి పంపారు.

ఆ రోజు రంగక్క నోరు తెరిచింది. "ఊరి కుక్కల మింద ఉండే జాలి నీకు మన ఇంటి మింద లేకపాయె" అంది. అని, వెంటనే నాలుక తెగ్గోసుకోవాలనిపించింది. లింగప్ప తల్లుల్లేని పిల్లలను సంతకు తోలి, ఖాళీ తాళ్లతో తిరిగొచ్చాడు.

మృగశిర కార్తెలో వాన బాగానే పడింది. గుట్ట పచ్చబడింది. ఆమె అటు చూడడం మానేసింది. లింగప్ప ట్యాంకరు వెంట తిరుగుతూ పైపు పట్టుకుని ప్లేట్లు కడిగే కూలికి చేరాడు.

మరుసటి ఏడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మందు వల్ల నీళ్లు చెడుతున్నాయని ఎవరో పైకి రాశారట. ఇక మందు వద్దు, కూలీలూ వద్దు, గడ్డిని గొర్రెలతో మేపించమన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మేపించే పని కూడా పాత కాంట్రాక్టరుకే దక్కింది. గొర్రెలు వైర్లు కొరకడం మానేశాయి కాబోలు. నందీష్ తల దించుకుని, "రేపటి నుంచి ఆడోళ్లకు పని లేదంట అత్తా" అని చెప్పాడు.

మడకశిర వైపు నుంచి పెద్ద మంద వచ్చింది. రంగక్క ఆఖరి రోజు కూలి ముగించుకుని బయటికి వచ్చేసరికి గొర్రెలు గేటులోకి పోతున్నాయి. లింగప్ప పైపు వదిలేసి వచ్చి, ఆ కాపరి పక్కన నిలబడి ఉన్నాడు. ఏ వరసలో ముళ్లున్నాయో, నీళ్లు ఎక్కడ తాపితే మంచిదో చేయి చాపి చెబుతున్నాడు. అతని గొంతులో అంత ఉత్సాహం విని ఎన్నాళ్లయిందో. కాపరికి మనిషి అర్థమయ్యాడు. కాపరులు ఇద్దరు ఎదురుపడితే పిల్లాపాపల సంగతి తర్వాత, మంద సంగతి ముందు.

"నీ మంద ఎంతన్నా?" అన్నాడు.

లింగప్ప చాపిన చేయి చాపినట్టే ఉండిపోయింది.

"మాకు మంద లేదప్పా" అంది రంగక్క వెనకనుంచి. "ఈయప్ప కూలికి పోతాడు."

ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి. కాపరి గొర్రెల వెంట లోపలికి పోయాడు. గేటువాడు గేటు వేశాడు.