మింగిన గుక్క

ప్రేమజ్యోతికి యాభై రెండో ఏట కొత్త ఉద్యోగం దొరికింది. అంతకుముందు పదకొండేళ్లు ఒక డెయిరీ ల్యాబ్‌లో పాలూ వెన్నా పరీక్షించేది. ఆ డెయిరీ మూతపడ్డాక నాలుగు నెలలు కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో ఇంట్లోనే ఉండిపోయింది. చివరికి పిలిచినవాళ్లు ఒక్కరే. బర్క్‌లీలో బియ్యంతో సాకే అనే జపనీస్ మద్యం తయారుచేసే చిన్న బ్రూవరీ అది. ల్యాబ్‌కి మైక్రోబయాలజీ తెలిసిన మనిషి కావాలన్నారు.

ఆ సంగతి భర్తతో చెప్పడానికి ఆమెకి సాయంత్రందాకా నోరు పెగల్లేదు. దేవదానం తాగుడు మానేసి పద్దెనిమిదేళ్లయింది. అంతకుముందు ఆ అలవాటుతోనే రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. ఒకరోజు పసిపిల్లగా ఉన్న కూతురు షెరిన్‌ని వెనక సీట్లో పెట్టుకుని కారుని డివైడర్‌కి గుద్దేశాడు. పిల్లకి ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి ఇక ముట్టలేదు. ఏటా ఆ తేదీ వచ్చే వారం తెలుగు చర్చిలో లేచి సాక్ష్యం చెబుతాడు. వాళ్లింట్లోకి దగ్గు మందు కూడా సీసా మీద అక్షరాలు చదివాకే వస్తుంది.

"సాకే అంటే మందే కదా?" అన్నాడు విని.

"అవునండీ. కానీ నాది ల్యాబ్ పని. శాంపిల్స్ టెస్ట్ చేసి రిపోర్ట్ ఇవ్వడమే."

"రుచి చూడాల్సొస్తుందా?"

"చూసినా ఉమ్మేస్తారంట."

"సరే, చేరు. ఇంటికి మాత్రం తేవొద్దు," అన్నాడు దేవదానం.

బ్రూవరీలో అందరికీ పెద్ద హిరానో అనే ఆవిడ. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. మొదటి రెండు నెలలూ ప్రేమజ్యోతి తన మైక్రోస్కోపు వదిలి కదల్లేదు. మూడో నెలలో ఒకరోజు నాలుగో ట్యాంకు నుంచి శాంపిల్ వచ్చింది. లెక్కలన్నీ బాగానే ఉన్నాయి. గ్లాసు పక్కన పెట్టబోతూ ఆగిపోయింది.

"ఇందులో వెన్న వాసన వస్తోంది," అంది.

బ్రూవరీలో మిగతా ఐదుగురూ వాసన చూసి తల అడ్డంగా ఊపారు. ప్రేమజ్యోతికి మాత్రం అనుమానం లేదు. పదకొండేళ్లు ఆమె చేతుల మీదుగా పోయిన వాసన అది. డెయిరీలో అది మంచి గుణం, సాకేలో మాత్రం పాడవుతున్న గుర్తు. హిరానో ఎవరితోనూ వాదించకుండా ఆ ట్యాంకుని వేరుచేయించింది. మూడో రోజుకి, సూక్ష్మజీవుల్ని పెంచి చూసే కల్చర్ ప్లేట్ల మీద చెడ్డ బ్యాక్టీరియా పైకి తేలింది. మర్నాటి నుంచి ప్రేమజ్యోతిని రుచి చూసేవాళ్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఎనిమిది తెల్లటి పింగాణీ కప్పులు వరసగా పెట్టేవారు. ఒక్కొక్కటీ వాసన చూసి, ఒక గుక్క నాలుక మీద తిప్పి, పక్కనున్న డబ్బాలో ఉమ్మి, కాగితం మీద రాయాలి. ఆమె అలాగే చేసేది, జనవరిలో ఒక శుక్రవారం వరకూ.

ఆ రోజు పనయ్యాక హిరానో మిగిలిన సాకేని చిన్న కూజాలో పోసి, వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టింది. వెచ్చబడ్డాక ఒక కప్పు ఆమె ముందుకి జరిపింది.

"చివర్న ఏం మిగులుతుందో మింగితేనే తెలుస్తుంది," అంది.

ప్రేమజ్యోతి వద్దనబోయి కప్పు ముఖం దగ్గరికి తెచ్చుకుంది. గంట క్రితం చల్లగా కర్బూజా పండు వాసన వేసిందే ఇది. ఇప్పుడు అప్పుడే వార్చిన అన్నం మీద మూత తీసినట్టుంది. మింగింది. ముందు తీపి తగిలింది, వెనకే సన్నటి పులుపు. గొంతు దిగాక అన్నం నమిలిన కమ్మదనం చాలాసేపు నిలిచింది. ఆమెకి తెలియకుండానే నవ్వొచ్చింది. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పుడు మద్యం ముట్టనని మాటిచ్చిన మనిషి, ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది.

అప్పటి నుంచి శుక్రవారానికి ఒక కప్పు. అరచేతిలో ఇమిడిపోయేంత కప్పు అది. రెండోది ఎప్పుడూ అడగలేదు. తాగాక రెండు గంటలు ల్యాబ్‌లో పని చేసుకుని, నోరు కడుక్కుని, పుదీనా బిళ్ల చప్పరిస్తూ ఇంటికి డ్రైవ్ చేసేది. బుధవారం నుంచే ఆ కప్పు కోసం ఎదురుచూస్తోందని తెలిసి భయపడింది. ఆదివారం సండే స్కూల్ పిల్లలకి బైబిల్ చెప్పడానికి కూర్చుంటే వాక్యం మధ్యలో మాట తడబడేది.

"మీరంతా ఉమ్మేస్తారుగా?" అని దేవదానం అప్పుడప్పుడు అడిగేవాడు.

"ఆఁ, ఉమ్మేస్తాం," అనేది పప్పు కలుపుతూ, తలెత్తకుండా.

మార్చిలో ఆమె కారు మెకానిక్ దగ్గరుంటే, శుక్రవారం సాయంత్రం దేవదానమే తీసుకెళ్లడానికి వచ్చాడు. చెప్పినదానికంటే ముందే వచ్చాడు. లోపలికి వచ్చేసరికి ఆమె కళ్లు మూసుకుని కప్పు పెదాల దగ్గర పెట్టుకుని ఉంది. గుక్క గొంతు దిగడం అతను చూశాడు. ఆ తర్వాత వచ్చిన నవ్వూ చూశాడు. ప్రేమజ్యోతి కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఉన్నాడు.

"కార్‌లో ఉంటాను," అని వెళ్లిపోయాడు.

కారు దారిలో ఉన్న కొండ కింది టన్నెల్‌లోకి చేరింది. లోపల ట్రాఫిక్ నత్తలా కదులుతోంది.

"ఎన్నాళ్లుగా?"

"జనవరి నుంచి. వారానికి ఒక్క కప్పేనండీ. మీతో అబద్ధం చెప్పాను."

అతను తల ఊపాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"ఎలా ఉంటుంది?" అన్నాడు.

నిజం చెప్పి తీరాలనుకుందేమో, వారంవారం రుచులు రాసే అలవాటో, ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కర్బూజా గురించీ, వెచ్చబెడితే పైకి లేచే అన్నం వాసన గురించీ, చివర్న మిగిలే కమ్మదనం గురించీ చెప్పుకుంటూ పోయింది. ఇన్నాళ్లూ ఎవరితోనూ చెప్పుకోలేని సంతోషం కదా, మాటలు వాటంతటవే వచ్చాయి. మధ్యలో పక్కకి చూసింది. తనే మింగుతున్నట్టు దేవదానం గొంతు పైకీ కిందకీ కదులుతోంది. ఆమె టక్కున ఆపేసింది.

టన్నెల్ దాటగానే ఆరిండా అనే ఊరి దగ్గర హైవే దిగి, ఒక మందుల షాపు ముందు కారు ఆపాడు.

"జ్యోతీ, ఇక్కణ్ణుంచి నువ్వు నడుపు."

"నేను తాగాను కదండీ, ఇంకా గంట కూడా కాలేదు."

"అవును కదా," అని నుదురు రుద్దుకున్నాడు. "అయితే కాసేపు ఆగుదాం. దారిలో ఏ వైన్ షాపు ముందు ఆపుతానో నాకే తెలీట్లేదు."

దిగి, పేవ్‌మెంట్ మీద అటూ ఇటూ నడుస్తూ ఫోన్ చేశాడు. తాగుడు మాన్పించే మీటింగుల్లో అతనికి ఒకప్పుడు తోడుగా నిలిచిన ముసలాయనకి. ఐదేళ్లుగా ఆ మీటింగులకి వెళ్లడం లేదని ప్రేమజ్యోతికి తెలుసు. అవసరం తీరిపోయిందనే ఇద్దరూ అనుకున్నారు. అద్దంలోంచి అతని వంగిన భుజాలు చూస్తూ కూర్చుంది. తను తాగింది గుక్కెడే. అతనికి తాగించినంత పని చేసింది. ఆమె ఫోన్ చేస్తే, గంటన్నర తర్వాత షెరిన్ క్యాబ్‌లో వచ్చి, ఏమీ అడక్కుండా ఇద్దరినీ ఇంటికి తీసుకెళ్లింది.

సోమవారం హిరానోతో సంగతంతా చెప్పింది. ఇకమీద మింగనంది. హిరానో అంతా విని, "అయితే మింగి ఆఖరి తీర్పు చెప్పే బల్ల దగ్గర నిన్ను కూర్చోబెట్టలేను. చెడు పట్టుకునే పని మాత్రం నీదే," అంది. ఆ మాట న్యాయమే. అయినా ల్యాబ్‌కి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది.

దేవదానం మళ్లీ మంగళవారం మీటింగులకి వెళుతున్నాడు. ఆ ఏడు చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేవలేదు. పాస్టర్ గారు అడిగితే, "ఇంకా జయించలేదండీ, పోరాడుతున్నాను," అన్నాడు.

వేసవిలో ఒక సాయంత్రం గిన్నెలు తుడుస్తూ అతనే ఎత్తాడు. "నిన్ను మానమని నేను అనలేదు."

"అనలేదు."

"ఇంకా ఇష్టమేనా అది?"

లేదంటే అతనికి ఊరట. ఆ సంగతి తెలుసు ఆమెకి.

"ఇష్టమేనండీ," అంది.

అతను తల ఊపి, తడి గిన్నె ఇంకోటి అందుకున్నాడు.