రెండు మచ్చల నడుమ

పెన్సిలు ఆనించే ముందు మచ్చలాయన కాగితం బిగించిన పలకను బొటనవేలితో ఒకసారి తడతాడు. నల్లచుక్క కాగితంతో పాటు కదిలితే అది కాగితంలోని నలుసు. కదలకుండా నిలిస్తే సూర్యుడి మచ్చ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, మబ్బు లేని ప్రతి ఉదయం, వేధశాల కింది గదిలో, దూరదర్శిని కాగితం మీద పరిచే పళ్ళెమంత సూర్యుణ్ణి ఎడమ కన్ను మూసుకుని గీస్తున్నాడు. అతడి అసలు పేరు జీతాల గుమాస్తాకే తెలుసు. "సూర్యుడంతటివాడికే మచ్చలు వెతికే మనిషి, నేనెంత" అంటుంది భార్య.

మచ్చంటే మరక కాదు. లోపల మెలిపడిన అయస్కాంత బలం పైకి పొడుచుకొచ్చిన చోట కింది వేడి పైకి రాలేదు. చుట్టుపక్కల కంటే చల్లబడి, ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. ఆవగింజలా పుట్టి, పక్కవాటితో కలిసి, చుట్టూ బూడిదరంగు అంచు కట్టి, కొన్నాళ్ళకు చెదిరి మాసిపోతుంది. పెద్దమచ్చల నడుమ చిన్నవి ముసురుకుంటేనే భయం. ఆ మెలి తెగితే పేలుడు. గుంపు మనకు ఎదురుగా ఉంటే ఆ విసురు రెండు మూడు రోజుల్లో భూమిని తాకుతుంది. రేడియోలు మూగబోతాయి, కరెంటు తీగలు తడబడతాయి.

ఆ వారం సూర్యుడి నడిమధ్యన రెండు పెద్దమచ్చలున్నాయి. మూడు రోజులు వాటినే గీసి, కింద "నిలకడ" అని రాశాడు. నాలుగో రోజు పై గదిలో పనిచేసే అమ్మాయి దిగి వచ్చింది.

"బాబాయ్, నిన్న పేలింది. మధ్యలో చిన్నవి ఎన్ని పుట్టాయో చూశారా?"

"మధ్యలో ఏమీ లేవమ్మా."

"లేకపోవడమేంటి, చీమల బారులా ఉంటే."

ఆమె కాగితం మీద పడుతున్న సూర్యుడి మీద వేలు పెట్టి చూపించింది. అతడికి తెల్లగానే ఉంది. ఎడమ కన్ను తెరిచాడు. ఏడు చుక్కలు. మూశాడు. లేవు. కుడి కన్ను ఏ చిన్న చుక్కను సూటిగా చూస్తే అదే మాయమవుతోంది.

"విద్యుత్ వాళ్ళకి నిలకడ అని రాసి పంపాను కదమ్మా."

ఆమె నేల చూసింది. "వాళ్ళకి ఉపగ్రహం బొమ్మలు వెళ్తాయి బాబాయ్. హెచ్చరిక ఎప్పుడో పంపాం. మీరేం బెంగపడకండి."

"మరి నావి?"

"బీరువాలోకి."

"ఎప్పట్నుంచి?"

"నేను చేరకముందు నుంచే." ఊరడిస్తున్నట్టు అంది: "పాతవాటితో పోల్చడానికి పనికొస్తాయి. ఇన్నేళ్ళూ ఒకే చెయ్యి, ఒకే కన్ను. అదే వాటి విలువంటారు పెద్దసారు."

"ఒకే కన్ను" అన్నాడు మచ్చలాయన.

ఇంటికెళ్ళి కన్ను సంగతి చెబితే భార్య అడిగిందీ అదే మాట, ఎప్పట్నుంచి అని. తెల్లకాగితం మీది తెల్లటి లోటు ఎవరికి కనిపిస్తుంది?

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. అతడు దూరదర్శిని మూత తీయలేదు. బీరువా తెరిచి, నిన్నటి కాగితం నుంచి వెనక్కి, ఒక్కొక్కదాని మూలన "సందేహం" అని రాసుకుంటూ వెళ్ళాడు. ఎక్కడ ఆపాలో తెలియలేదు. పదకొండు గంటలకు వెనక్కి రెండో ఏటి కట్ట విప్పాడు.