మా వంటింట్లో కార్నిష్ నిలిచిన సాయంత్రం

మనిషి నోట మాటను ఉంచి, ఏ మూల నుంచి ఏ భాషలో పిలిచినా ఆలకించే దేవునికి స్తోత్రం. నిన్న ఇక్కడ కెనడాలో, గ్వెల్ఫ్‌లో మా తెలుగు సహవాసం ముగిశాక అందరం టీ తాగుతుంటే, సంఘానికి కొత్తగా వచ్చిన ఒకావిడ, "మీ మనవరాలు అదేదో భాషలో థాంక్స్ చెప్పిందండీ, ఫ్రెంచా?" అని అడిగారు. కార్నిష్ అన్నాను. ఇంగ్లండుకు పడమటి కొసన కార్న్‌వాల్ అనే సీమ ఉంది, అక్కడివాళ్ల పాత భాష అది. మా అల్లుడి పూర్వీకులు అక్కడి గనుల్లో పనిచేసి కెనడా చేరినవారు. ఎవరు నేర్పారంటే అల్లుడే అని చెప్పి ఊరుకున్నాను గానీ, ఇంటికి వస్తున్నంతసేపూ గుర్తొచ్చింది మాత్రం ఒకప్పుడు మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న వరంగల్ అమ్మాయి.

అల్లుడు ఆ భాషను పెద్దయ్యాక ఆన్‌లైన్ క్లాసుల్లో పట్టుదలగా నేర్చుకున్నాడు. పిల్లలు పుట్టాక, వంటింట్లో వాళ్లతో కార్నిష్ తప్ప మాట్లాడనని నియమం పెట్టుకున్నాడు. పెద్ద పాఠాలేం కావు. పొద్దున పలకరింపు "మిత్తిన్ దా", రొట్టె "బారా", పాలు "లేత్", ఏది అందుకున్నా "మేర్ రాస్", అంటే థాంక్స్. ఫ్రిజ్ మీద, పాల సీసా మీద, ఆఖరికి నా పోపుల డబ్బా మీద కూడా చీటీలు అంటించాడు. పోపులకు వాళ్ల భాషలో మాటెక్కడిది? ‘పెట్టె’ అని మాత్రం రాశాడట. కానీ పిల్లలు నా తెలుగుకు జవాబివ్వనట్టే అతని కార్నిష్‌కూ ఇచ్చేవారు కాదు. "బారా?" అంటే "నో, సీరియల్" అనేవాడు మనవడు. ఒకే బాధ పడుతున్నవాళ్లం కనుక అత్తా అల్లుళ్లకు మాకు మంచి స్నేహం.

ఒక సాయంత్రం చూస్తే అతను ఆ చీటీలన్నీ ఊడదీస్తున్నాడు. "ఇక చాలు. వాళ్లకు అక్కర్లేనిది రోజూ ఎంతకని చెప్పను?" అన్నాడు మా అమ్మాయితో, ఇంగ్లీషులోనే. "యువర్ విష్. కానీ ఆపేస్తే మళ్లీ స్టార్ట్ చెయ్యవు" అంది అది, నాకూ అర్థమవ్వాలని తెలుగు కలిపి. నేను మనసులో ప్రభువా అనుకుంటూ పప్పు మెదుపుతున్నాను.

అంతలో కింద నుంచి వరంగల్ అమ్మాయి వచ్చింది. అవి ఇక్కడి కాలేజీలన్నీ మన పిల్లలతో నిండిపోయిన రోజులు, బస్సెక్కితే సగం తెలుగే వినిపించేది. ఆ అమ్మాయి కూడా కొత్తగా దిగింది, ఆ రోజే ఒక కాఫీ షాపులో పనికి చేరింది.

"ఇజ్జత్ పోయిందాంటీ ఇయ్యాల!"

"ఏమైందమ్మా?"

"అన్నయ్య రోజూ పొద్దున అంటడు గదా, కెనడాల అందరు గట్లనే అంటరనుకున్న. వచ్చినోళ్లందరికీ మిత్తిన్ దా అని చెప్పిన! మా మేనేజర్ వచ్చి, నీ తెలుగు బాగుంది గానీ జర ఇంగ్లీష్‌ల చెప్పు అన్నడు!"

మా అమ్మాయి నవ్వాపుకోలేక స్టవ్ పట్టుకుంది. అయిదేళ్ల మనవరాలు మాత్రం నవ్వలేదు. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టి, "నో అక్కా, అది డాడీ లాంగ్వేజ్. అవర్స్. నేను టీచ్ చేస్తా" అంది. తండ్రి చేతిలోంచి ఒక చీటీ లాక్కుని, "సే లేత్" అంది.

"లేత్."

"గుడ్. నౌ బారా."

"జర మెల్లగ, టీచరమ్మా!"

"మేర్ రాస్ చెప్పకపోతే నో బ్రెడ్, అక్కా" అన్నాడు మనవడు.

అల్లుడు చీటీలు ఊడదీయడం ఆపేశాడు. అడిగినన్నాళ్లూ నోరు విప్పని పిల్లల దగ్గర అన్ని మాటలూ భద్రంగా ఉన్నాయి. పెంతెకొస్తు దినాన శిష్యులు మాట్లాడితే ఎవరి భాషలో వారు విన్నారని చిన్నప్పటినుంచీ సంఘంలో వింటూనే ఉన్నాను. మాటకు వినేవాళ్లు కూడా కావాలని మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది. అతను మిగిలిన చీటీలు కూతురి చేతిలో పెట్టాడు. అది వాటిని తనకు అందినంత ఎత్తులో, వంకరటింకరగా మళ్లీ అంటించింది.

ఆ అమ్మాయి ఉన్నన్నాళ్లూ ఆ పాఠాలు సాగాయి. తనకు నేర్పే ప్రతి కార్నిష్ మాటకూ ఒక తెలుగు మాట నేర్చుకోవాలని ఆమె బేరం పెట్టడంతో పిల్లలకు తెలుగూ వచ్చింది, సగం వరంగల్, సగం మా గుంటూరు. ఆమె ఇప్పుడు హాలిఫాక్స్‌లో ఉద్యోగం చేస్తూ, ఈ దేశంలో స్థిరపడేందుకు ఇచ్చే పీఆర్ కోసం ఎదురుచూస్తోంది. చదువుతున్న మీరు ఒక్క క్షణం ఆగి, ఆమె కోసం, జవాబు రాకపోయినా పిల్లలతో తమ భాషలోనే మాట్లాడుతున్న తల్లిదండ్రులందరి కోసం మాతో కలిసి ప్రార్థించండి. పిల్లలు చిన్నవాళ్లుగా ఉండే కాలం కొంచెమే, కానీ ఆ కొంచెంలో విన్న మాట వాళ్ల ముసలితనం దాకా నడుస్తుంది.