కిటికీ కాడ బంగాళాఖాతం

మొన్న మా బడిలో ఏం జరిగిందో మీకింకా తెలీదా? ఊరంతా నవ్వుతాండారే! ఇన్స్పెక్టరు గారు బంగాళాఖాతంలో పడినారప్పా. అవును, సముద్రంలోనే. మా నాలుగో క్లాసులో. తోసింది నేనేనని మా హెడ్మాస్టరు పెద్దయ్యోరు ఇప్పటికీ అంటాండాడు.

"యాడి సముద్రమప్పా? ఈడ గొంతు తడుపుకోనీకి నీళ్లు లేవు గదా!" అంటావా చెన్నారెడ్డీ? చెప్తా, చెప్తా. ముందు ఆ చాయ్ కప్పు కింద పెట్టు. నవ్వితే మీద పోసుకుంటావు.

నా సంగతి మీకు తెలిసిందే గదా. ఈ బడిలో అయ్యోరుగా చేరినానే గాని, నాది ఇంకా యాక్టింగు పనే, ఖాయం కాలేదు. ఇన్స్పెక్టరు వచ్చి, పాఠం చూసి, "ఈ మనిషి పనికొస్తాడు" అంటేనే పర్మనెంటు. లేదంటే మూట కట్టుకోని బద్వేలుకు పోవల్ల. మా మామకు ఆడ మిరపకాయల అంగడి ఉండాది. "ఆ బడిపని నీకు అచ్చిరాదు మస్తానూ, వచ్చి నా అంగట్లో కూచో" అని పెళ్లినాటి నుంచి పిలుస్తానే ఉండాడు. పోతే ఇంగ బతుకంతా తుమ్ముకుంటా ఉండల్సిందే!

మరి పాఠం చెప్దామంటే పిల్లోళ్లు మేలుకోని ఉండల్ల గదా. మధ్యాన్నం సంగటి తిని వస్తారు. రేకుల కొట్టం. బయట ఎండ మండిపోతాంటాది. నేను నోరు తెరిస్తే చాలు, ముందు వరస వాలిపోతాది. వాళ్లను చూసి రెండో వరస. వాళ్లందర్నీ చూస్తా కుర్చీలో కూచుంటే నా రెప్పలు గూడా బరువెక్కుతాయి. నేను గూడా మనిషినే గదప్పా!

కడపలో ట్రైనింగు అప్పుడు మాకొక ముసలాయన పాఠం చెప్పేటోడు. "అయ్యవారు కుర్చీకి అతుక్కోరాదు. పిల్లల నడుమ తిరగల్ల. నువ్వు కదిల్తే వాళ్ల బుద్ధి కదుల్తాది" అని ఒకటే పోరు. సరే, తిరిగి చూద్దామని మొదలుపెట్టినా. వాకిలి కాడి నుంచి కిటికీ దాకా, కిటికీ కాడి నుంచి వాకిలి దాకా. పిల్లోళ్ల తలకాయలు అన్నీ నాతోపాటే తిరిగినాయి. ఆహా, ముసలాయన మాట నిజమేనే అనుకున్నా. కొన్నాళ్లు పోయినంక చూస్తే ఏముంది? తలకాయలు తిరుగుతానే ఉండాయి, కళ్లు మాత్రం మూతబడి ఉండాయి! ఖాజా అని ఒకడుండాడు. వాడైతే కళ్లు తెరుచుకోనే గురక పెడతాడు.

ఇట్లుండగా ఒకనాడు జాగ్రఫీ చెప్పల్సి వచ్చింది. బడికి ఉండేది ఒకటే మ్యాపు. దాన్ని చెదలు కింది నుంచి మద్రాసు దాకా తినేసినాయి. చిత్తూరు సగం మిగిలింది. తంజావూరు లేనే లేదు! ఏం చెయ్యల్లో తోచక కిందికి చూసినా. బండలు పరిచిన నేల. బండకూ బండకూ నడుమ సందులు. ఆ సందులు నాకు నదుల మాదిరి కనపడినాయప్పా!

"ఒరే, లేయండిరా! ఈ గదే మన మద్రాసు ప్రెసిడెన్సీ!" అని అరిచినా.

మ్యాపులో పైపక్క ఉత్తరం గదా. అందుకని నల్లబల్ల పక్క ఉత్తరం. మ్యాపులో కుడిపక్క తూర్పు గదా. అందుకని కుడిపక్క కిటికీ బంగాళాఖాతం. ఎడమపక్క వాకిలి బళ్లారి. కిటికీ కింద ఒక బండ కుంగిపోయి ఉండాది, వానొస్తే నీళ్లు నిలబడతాయి. సముద్రానికి ఇంతకంటే మంచి చోటు యాడ దొరుకుతాది?

ఇంగ చూడండి తమాషా! ఎవడు కూచున్న చోటు వాడి ఊరు. ఖాజా నంద్యాల. చర్చి కాడ ఇంటి మరియమ్మ కడప. కిటికీ పక్కనుండే ఓబులేసు నెల్లూరు. నేను కుందేరు నది మాదిరి నంద్యాల పక్కనుంచి దిగి, కడప దాపుల పెన్నలో కలిసి, నెల్లూరు మీదుగా సముద్రంలోకి పోతా. సముద్రం రాగానే పైజామా మోకాళ్ల దాకా ఎత్తుకుంటా. పిల్లోళ్లు పడీ పడీ నవ్వేటోళ్లు. ఒక్కడు నిద్రపోతే ఒట్టు!

పోనుపోను వాళ్లే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. సముద్రంలో కాలు పెట్టినోడు చేతులాడిస్తా ఈదల్ల. ఈదకపోతే క్లాసంతా "మునిగిపాయ! మునిగిపాయ!" అని అరుస్తాది. నేను వద్దనలేదు. నేను గూడా ఈదేటోణ్ణి!

ఆఖరికి ఇన్స్పెక్షను రానే వచ్చింది. మధ్యాన్నం పూట వచ్చినాడు ఆయన. భారీ మనిషి. కోటు, తలపాగా, కిర్రుకిర్రుమనే బూట్లు. మన సీమ మనిషి కాదు, కోస్తా పక్క మాట. వెనకాల మా పెద్దయ్యోరు చేతులు కట్టుకోని వస్తాండాడు. నా ముక్కులో అప్పుడే మిరపకాయల ఘాటు!

పెద్దయ్యోరు ఏం చేసినాడో తెలుసా? దొరకు గాలి తగలల్లని కుర్చీ తీస్కపోయి కిటికీ కాడ ఏసినాడు. నట్టనడి సముద్రంలో! పిల్లోళ్లందరూ నా మొగం చూసినారు. నేను కళ్లతోనే బతిమాలినా, నోరు తెరవద్దండిరా అని.

ఇన్స్పెక్టరు గారు ఈదకుండానే పోయి కూచున్నారు. వెనక వరసలోంచి ఎవడో మెల్లగా "మునిగిపాయ" అన్నాడు. నేను గట్టిగా దగ్గినా.

"ఏమ్మా, మీ కుందేరు ఎక్కడ కలుస్తుంది?" అని మరియమ్మను అడిగినాడాయన.

ఆ పాప నోటితో చెప్తే ఏం పోయేది? లేచి నల్లబల్ల కాడికి పోయింది. ఆడి నుంచి సందు మీద అడుగులేస్తా వచ్చింది. "ఈడ నంద్యాల సార్. కాలు తియ్‌రా ఖాజా, నీళ్లు పోవల్ల. ఈడ పెన్నలో కలుస్తాది. ఇదిగో, నెల్లూరు. ఆడి నుంచి..." అని నేరుగా ఆయన బూట్ల ముందర నిలబడింది. "ఆడి నుంచి సముద్రం సార్. మీరు కూచోని ఉండారే, అదే!"

"నేనా? సముద్రంలోనా?" అన్నాడాయన.

నేను సర్దిచెప్దామని ముందుకు ఉరికినా. "అదేం లేదు సార్, పిల్లోళ్లకు అర్థం కావల్లని..." అంటా ఉంటే పెద్దయ్యోరు నా కాళ్లపక్క చూసి నోరు తెరిచినాడు. నేను గూడా చూసుకున్నా. పైజామా మోకాళ్ల మీదికి ఎత్తి పట్టుకోని ఉండా! అలవాటప్పా, ఏం చేస్తాం?

అంతలో కిటికీలోంచి ఎండ ఇన్స్పెక్టరు గారి మెడ మీద పడింది. ఆయన కూచున్న మనిషి కూచున్నట్టే కుర్చీని పక్కకు జరిపినాడు. కుర్చీ కాలు కుంగిన బండలోకి దిగింది. అంతే! దొర ఒక పక్క, కుర్చీ ఒక పక్క. పడేటప్పుడు ఆసరా కోసం రెండు చేతులూ గాల్లో తపతపా ఆడించినాడు పాపం.

క్లాసంతా లేచి నిలబడింది. "ఈదుతాండాడు! అయ్యోరూ, దొర ఈదుతాండాడు!" అని ఒకటే చప్పట్లు!

"చూస్తాండారేందిరా, లేపండిరా!" అన్నాడు పెద్దయ్యోరు. మంచి పిల్లోళ్లు గదా, అందరూ ఉరికినారు. ఉరికినోళ్లు ఊరికే ఉరికినారా? చేతులాడిస్తా, ఈదుకుంటా పోయినారు! చుట్టూ ఇంతమంది పిల్లోళ్లు బారలేస్తాంటే నడుమ ఇన్స్పెక్టరు. మా పెద్దయ్యోరు ఒక్కడే మామూలుగా నడిచి పోయినాడు. "పెద్దయ్యోరు మునిగిపాయ!" అని అరుపులు.

నాకు నవ్వు రాలేదు. బద్వేలు కనపడతాంది, అంగడి కనపడతాంది.

ఎట్లో లేపి కూచోబెట్టినాం. తలపాగా లేదు. ఖాజా దాన్ని వెనకపక్క మూల కాడి నుంచి పట్టుకొచ్చి, దుమ్ము దులిపి, "దొరా, మీ పాగా సింహళం కాడ ఉన్నింది" అన్నాడు.

ఆయన పాగా తీసుకున్నాడు, పెట్టుకోలేదు. వాణ్ణే చూస్తా, "సింహళం నెల్లూరికి ఏ దిక్కురా?" అన్నాడు.

"దక్షిణం సార్!"

"బళ్లారి?"

"పడమర సార్! వాకిలి కాడ."

ఇంగ వరసపెట్టి అడిగినాడు. ఒక్క పిల్లోడు తడబడలేదు. నా పానం కుదుటపడింది. ఆయన మీసాల కింద నవ్వు గూడా కనపడతాంది. అంతలో ఎండ మల్ల ఆయన కళ్లల్లో పడింది. చెయ్యి అడ్డం పెట్టుకోని కిటికీ పక్క చూసినాడు. చూసి, మల్ల మరియమ్మ పక్క తిరిగినాడు.

"ఏమ్మా మరియమ్మా, సాయంత్రం సూర్యుడు ఎటు అస్తమిస్తాడు?"

"పడమర సార్."

"ఇప్పుడు ఎటు దిగుతున్నాడు?"

ఆ పాప కిటికీలోంచి తొంగి చూసింది. "సముద్రం మీదికి సార్."

"సముద్రం ఏ దిక్కు?"

"తూర్పు సార్."

"మరి సూర్యుడు?"

మరియమ్మ నా పక్క చూసింది. సూర్యుడి పక్క చూసింది. "దోవ తప్పినాడు సార్" అన్నాది.

నాకు తల మీద బండ పడినట్టయింది. మా నల్లబల్ల ఉండేది దక్షిణం గోడకప్పా! ఇన్నాళ్లూ ప్రెసిడెన్సీ మొత్తాన్ని తిరగేసి పండబెట్టి, దాని మీద నేను ఈత కొడతాండా!

నవ్వు చెన్నారెడ్డీ, నవ్వు. "రోజూ పడమర తిరిగి నమాజు చేస్తావు గదప్పా, నీకు తెలీలేదా?" అంటావు. మసీదులో ఎప్పుడూ తప్పలేదు. క్లాసులోకి వస్తే మ్యాపు తప్ప ఏమీ కనపడదు, ఏం చేసేది?

ఇన్స్పెక్టరు గారు నవ్వడం మొదలుపెట్టినాడు చూడు, కోటు గుండీలు తెగుతాయేమో అనుకున్నా. కళ్లు తుడుచుకోని, "మాస్టారూ, సూర్యుడినైనా తప్పుపడతారు గాని మిమ్మల్ని తప్పుపట్టరయ్యా మీ పిల్లలు! మధ్యాహ్నం పూట ఇంత హుషారుగా ఉన్న క్లాసు నేనెక్కడా చూడలేదు. మీ ఉద్యోగం ఖాయం చేయమని చెబుతాను. సోమవారం లోపల ఆ సముద్రాన్ని మాత్రం అవతలికి మార్చండి" అన్నాడు.

మార్చినాంలే. ఓబులేసు మాత్రం నెల్లూరు ఇడిసేది లేదని ఒకటే ఏడుపు.

ఆ సాయంత్రం ఆయన పోతాపోతా బడి ముందర నిలబడి, "ముసాఫరు బంగళాకు దారి ఎటు? రాత్రికి నా బస అక్కడే." అన్నాడు. పెద్దయ్యోరు లోపల బీగం ఏస్తాండాడు. నేనే ముందుకు పోయి, చెయ్యి చాపి, "ఇట్ల నేరుగా పోతే ఉత్తరం పక్కనే సార్" అని చూపించినా.

ఆయన నా చెయ్యి చూసినాడు. నా మొగం చూసినాడు. "చాలా సంతోషం మాస్టారూ" అని దండం పెట్టి, దానికి సరిగ్గా ఎదురుపక్కకు తిరిగి నడుచుకుంటా పోయినాడు.

ఆ ఒక్కసారీ నేను సరిగ్గానే చూపించినానప్పా! పాపం, శ్మశానం దాకా పోయి తిరిగొచ్చినాడంట.